మిర్యాలగూడ పీపాలో కల్తీ లేదు

1949 వేసవి మొదట్లో నన్ను సూర్యాపేట రేంజికి ఆబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది నిండలేదు. నల్లగొండ జిల్లాలో పాత అధికారులు కొందరు వెళ్లిపోయారు, కొందరు సెలవు పెట్టి ఇళ్లలో కూర్చున్నారు. ఖాళీల్లోకి మద్రాసు రాష్ట్రం నుంచి డెప్యుటేషన్ మీద మనుషులను తెచ్చారు. జిల్లా ఆబ్కారీ అధికారిని అప్పట్లో మొహతమీమ్ అనేవారు. మా మొహతమీమ్ కూడా అలా కోస్తా నుంచి వచ్చినవాడే. ఆయన కింద ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీగా ఉండేది. అందువల్ల ఇటు మిర్యాలగూడ నుంచి అటు కోదాడ సరిహద్దు దాకా తిరుగుడంతా నా మీదే పడింది. నాది ఆ జిల్లాలోనే ఆత్మకూరు. హైదరాబాదులో రసాయనశాస్త్రం చదివి బి.ఎస్సీ. పట్టాతో వచ్చాను. ఆ పట్టా అంటే నాకు చాలా గర్వం.

ఈ సంగతి ఈ పత్రికకు ఇప్పుడెందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. పోయిన ఏడాది నా పదవీ విరమణ సభలో ఒక కుర్ర అధికారి లేచి, కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ చెప్పుకునే కథ అంటూ ‘తుమ్మ పీపా’ కథ చెప్పాడు. కల్లు గీసే ఇంట్లో పుట్టిన ఒక దుకాణదారు తుమ్మ చెక్క నానబెట్టిన సారాను స్కాచ్ విస్కీ అని అమ్మబోయాడట. సైన్సు చదివిన ఒక యువ అధికారి ఒకే ఒక్క బొట్టుతో పట్టేశాడట. ఆ యువ అధికారిని నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. దండ మెడలో వేసుకుని నేను కూడా నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు తలచుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కథ అబద్ధం. అది అబద్ధమని తెలిసిన అధికారులం ఇద్దరమే. ఒకాయన పోయాడు, మిగిలింది నేను.

అసలు ఆ పరీక్ష ఎందుకు పుట్టిందో చెప్పాలి. మద్రాసు రాష్ట్రంలో అంతకు ముందు ఏడే మద్యనిషేధం పూర్తిగా అమల్లోకి వచ్చింది. కోదాడ దాటి సరిహద్దు అవతలకు పోతే చుక్క దొరకదు. ఇవతల నిజాం రాజ్యపు దుకాణాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. అవతలివాళ్ల దాహం ఇవతలివాళ్లకు వ్యాపారమైంది. బెల్లం పులియబెట్టి దొంగబట్టీలో తీసిన సారాను, రంగు కోసం, కొంచెం వగరు కోసం తుమ్మ చెక్కలో నానబెట్టి, ఖాళీ బ్రాందీ సీసాల్లో పోసి సరిహద్దు దాటించేవారు. చూపుకు సీమ సరుకే. మా జవాన్లు అరచేతిలో వేసి రుద్దుకుని వాసన చూసి తేల్చేవాళ్లు. కోర్టులో అది నిలిచేది కాదు.

అప్పుడు నాకు అన్నభేది గుర్తుకొచ్చింది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేయడం మా బడి రోజుల్లో అందరికీ తెలిసిన పనే. కరక్కాయలో ఉన్న వగరు పదార్థమే తుమ్మ చెక్కలోనూ ఉంటుంది. దానికి ఇనుము తగిలితే నల్లగా మారుతుంది. అన్నభేది అంటే ఇనుప లవణమే. అనుమానం ఉన్న సారాను తెల్లటి సాసరులో పోసి అన్నభేది నీళ్లు ఒక బొట్టు వేస్తే, తుమ్మ చెక్క పడిన సారా సిరాలాగా నల్లబడేది. లేత రంగు స్కాచ్ సీసా ఒకటి తీసుకుని దాంట్లోనూ వేసి చూశాను. పెద్దగా మారలేదు. వరుసగా నాలుగైదు కేసుల్లో దొంగలు సాసరు చూసి ఒప్పుకున్నారు. మొహతమీమ్ గారు దీనికి తుమ్మ పరీక్ష అని పేరు పెట్టి, హైదరాబాదులో ఉన్న పై అధికారి నాజిమ్ గారికి రాశారు. అక్కడినుంచి మెప్పు వచ్చింది. నేను నేల మీద నడవడం మానేశాను.

ఇక బుచ్చిరాములు గౌడు. పెన్‌పహాడ్ నుంచి వచ్చి మిర్యాలగూడలో స్థిరపడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, పెద్ద గొంతు, ఎవరు వచ్చినా ముందు ఎగతాళి, తరువాతే మర్యాద. కల్లు దుకాణంతో మొదలుపెట్టి, ఎందరి కాళ్లావేళ్లా పడి సీమ సారా, అంటే విదేశీ మద్యం, అమ్మే లైసెన్సు సంపాదించాడు. ఆ ఊళ్లో అతని కులంలో ఆ లైసెన్సు దక్కించుకున్న మొదటివాడు అతనే. మా ఆఫీసులో చాలామందికి అది గొంతు దిగలేదు. మొహతమీమ్ గారు ఆ మాట పైకే అనేవారు. “తాడిచెట్టు దిగి తిన్నగా స్కాచ్ దాకా వచ్చాడయ్యా” అని.

వాడపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున సర్వే పని మీద చాలాకాలం క్యాంపు వేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు, గొడవల కాలంలో సామానంతా వేలం వేసి వెళ్లిపోయాడు. అందులో తన కోసం ఓడలో తెప్పించుకున్న ఓకు అనే సీమ చెట్టు చెక్కతో చేసిన చిన్న పీపా ఒకటి ఉంది. సీలు తీయని విస్కీ పీపా. బుచ్చిరాములు దాన్ని పాటలో దక్కించుకున్నాడు. పర్మిట్టు సక్రమంగా తీసుకున్నాడు, పీపా తెరిచి సీసాల్లో నింపి అమ్ముకోవడానికి అనుమతీ తీసుకున్నాడు. దాని మీద ఎన్నడూ ఎవరికీ తగాదా లేదు. తన చేతిలో ఉన్నదంతా దాని మీదే పెట్టాడు. అది అమ్ముడైతే కోదాడలో రెండో దుకాణం పెట్టుకునేవాడు. అమ్ముడు కాకపోతే మొదటిదీ ఉండదు. అతని పరిస్థితి అది.

అతను నింపిన మొదటి సీసాల్లో ఒకటి సూర్యాపేట ట్రావెలర్స్ బంగళాలో దిగిన ఒక కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. స్కాచ్ అంటే ఎండుగడ్డి రంగులో ఉంటుందని ఆయనకు తెలుసు. ఇదేమో కాఫీ డికాక్షన్ లాగా ఉంది. వాసన చూస్తే కిస్‌మిస్, పాత బెల్లం. ఆయన మొహతమీమ్ గారికి ఫిర్యాదు చేశాడు. బెల్లం వాసన అనగానే ఆబ్కారీ వాడికి తట్టేది ఒకటే, పులియబెట్టిన బెల్లం ఊట. అసలు విస్కీ ఎక్కడో అమ్ముకుని, పీపాలో రంగు సారా నింపాడని మొహతమీమ్ గారు అక్కడే తేల్చేశారు. నన్ను మిర్యాలగూడకు పంపారు.

దుకాణంలోకి అడుగు పెట్టగానే బుచ్చిరాములు కుర్చీ చూపించాడు. “రా దరోగ సాబ్, కూసో. సోడ తాగుతవా? లేకుంటే గండ్ల గూడ నీ మందు బొట్టు ఏస్తవా?” అన్నాడు. నా వెంట వచ్చిన జవాన్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఫిర్యాదు సంగతి చెప్పాను. అతను తగ్గలేదు. “మా తాత మోకేసుకొని తాడెక్కిండు. మా అయ్య ఎక్కిండు. నేను కుర్సీల కూసొని సీమ సారా అమ్ముతున్న. గది సూసి మీ దొరకు కండ్లు మండుతున్నయి. పరీక్ష జెయ్యి, నాకేం భయం” అన్నాడు.

పంచనామాకు ఊరి పెద్దమనుషులిద్దరిని పిలిచాం. పంచనామా అంటే సాక్షుల ముందు సోదా చేసి, ఏం దొరికిందో అక్కడే రాసుకోవడం. ముందు హైడ్రోమీటరు వేశాను. ద్రవంలో తేలే ఆ గాజు పరికరం మద్యం ఘాటు చెబుతుంది. సీసాల్లో వచ్చే స్కాచ్ కంటే ఇది చాలా ఎక్కువ, బట్టీ సారా అంత చూపించింది. తరువాత సాసరులో పోసి అన్నభేది బొట్టు వేశాను. సాసరు సిరాబుడ్డి అయింది.

బుచ్చిరాములు వంగి చూశాడు. తరువాత మెల్లగా, “పీపా మూత నేనే తీసిన సార్. తీసిన్నుంచి అండ్ల ఒక్క సుక్క పోయలే. నా పిల్లల మీద ఒట్టు” అన్నాడు. నేను వినలేదు. వినకపోవడానికి నా దగ్గర రెండు రుజువులు ఉన్నాయి. ఘాటు ఎక్కువ, సాసరు నలుపు. పీపాకు లక్క సీలు వేసి లారీలో సూర్యాపేటకు తరలించాం.

ఇక్కడ నియమం ఒకటి ఉంది. కల్తీ కేసు కోర్టుకు పోవాలంటే నమూనాను హైదరాబాదులో ప్రభుత్వ రసాయన పరీక్షకుడికి పంపాలి. జవాబు రావడానికి నెలలు పట్టేది. అయితే ముద్దాయి నేరం ఒప్పుకుని జుర్మానా కడితే, లైసెన్సు వదులుకుంటే, కోర్టు లేకుండా కేసు మూసేయవచ్చు. దాన్ని కాంపౌండింగ్ అనేవాళ్లం. అప్పుడు నమూనా పంపే పని ఉండదు. మొహతమీమ్ గారికి కావలసింది అదే. ఒప్పించే పని నాకు అప్పగించారు. “నీ జిల్లావాడు, నీ మాట వింటాడు” అన్నారు.

విన్నాడు. సూర్యాపేట ఆఫీసు వరండాలో నా ఎదుట బల్ల మీద కూర్చుని అడిగాడు. “నువ్వు మన దిక్కోనివి, సదువుకున్నోనివి. ఒక్క మాట జెప్పు. గా నీ మందు అబద్ధమాడుతదా?”

“ఆడదు” అన్నాను.

“అయితే గా ఇంగ్లీషు దొర నన్ను ముంచిండు. పాటల్నే మోసం జేసిండు. గంత పెద్ద మనిషి, గింత లత్కోరు పని జేసిండు సూడు” అన్నాడు. మోసం చేసింది ఇంజనీరే అయితే ఆ మాట కోర్టులో చెప్పుకోవచ్చా అని అడిగాడు. చెప్పుకోవచ్చు కానీ ఈలోగా అరెస్టు అవుతావు, జైలు తప్పకపోవచ్చు, సంతకం పెట్టు, పరువు కొంతైనా మిగులుతుంది అన్నాను. అతనికి మేలు చేస్తున్నానని నిజంగానే అనుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే నాకు ఒళ్లు మండుతున్నది. మేలు చేస్తున్నానన్న ఆ నమ్మకమే అతని గొంతు కోసింది. అతను కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టాడు. పీపాలో సారా నింపి అమ్మినట్టు ఒప్పుకున్న కాగితం మీద.

నాజిమ్ గారి నుంచి ధ్వంసం చేసే ఉత్తర్వు రావలసి ఉంది. ఈలోగా నన్ను ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టరును చేసి కోదాడ చెక్‌పోస్టుకు పంపారు. తుమ్మ పరీక్ష కనిపెట్టినందుకు బహుమానం అది.

కోదాడలో మా పని బెజవాడ వైపు వెళ్లే బస్సులు, కార్లు ఆపి చూడడం. ఒకరోజు మధ్యాహ్నం ఒక స్కాట్లాండు ముసలాయన కారులో వచ్చాడు. మద్రాసులో యంత్రాల వ్యాపారమట. మద్రాసు ప్రభుత్వం కొందరికి ఇచ్చే తాగుడు పర్మిట్టు ఆయన దగ్గర ఉంది. పెట్టెలో సీలు విప్పని విస్కీ సీసా ఒకటి. ఎండలో పెట్టి చూస్తే ముదురు ఎరుపు, చిక్కటి డికాక్షన్ రంగు. బుచ్చిరాములు పీపాలోది ఇలాగే ఉండేది. ఇంత నల్లగా ఉందేమని అడిగాను.

ఆయనకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. చెక్‌పోస్టు బెంచీ మీద కూర్చుని వివరించాడు. బజారులో దొరికే మామూలు స్కాచ్ రకరకాల విస్కీలు కలిపి చేసేది. ఇది అలాంటిది కాదు. మొలకెత్తిన బార్లీ ఒక్కదానితోనే, ఒకే ఊరి బట్టీలో తీసింది. దాన్ని సింగిల్ మాల్ట్ అంటారు. బట్టీ నుంచి దిగేటప్పుడు నీళ్లలాగే ఉంటుంది. స్పెయిను దేశంలో షెర్రీ అనే ద్రాక్ష మద్యం నిల్వ ఉంచి ఖాళీ చేసిన ఓకు పీపాలు తెచ్చి, వాటిలో దీన్ని పది పన్నెండేళ్లు కదపకుండా ఉంచుతారు. కర్రలోకి ఇంకిన షెర్రీ, కర్రలోని వగరు, రంగు అంతా విస్కీలోకి దిగుతాయి. అందుకే ఆ ఎరుపు, అందుకే ఎండుద్రాక్ష వాసన. ఏటేటా పీపాలోది కొంత ఆవిరైపోతుంది. మిగిలిందాని ధర ఏటేటా పెరుగుతుంది. మంచి షెర్రీ పీపాలు దొరకడమే కష్టం. అందువల్ల తెలిసినవాళ్లు లేతరంగు స్కాచ్‌కు ఇచ్చేదానికి ఎన్నో రెట్లు దీనికి ఇస్తారు. నీళ్లు కలపకుండా పీపాలో ఎంత ఘాటుందో అంత ఘాటుతోనే తీసింది దొరికితే ఇక చెప్పనక్కర లేదన్నాడు.

అధికారిగా నమూనా తీసుకునే హక్కు నాకు ఉంది. అయినా బతిమాలినట్టే అడిగి, సీలు విప్పించి, ఒక చెంచాడు సాసరులో పోయించుకున్నాను. అన్నభేది బొట్టు వేశాను. సాసరు సిరాబుడ్డి అయింది. ముసలాయన నవ్వాడు. తమ ఊళ్లో తుప్పు పట్టిన ఇనుప గొట్టం నీళ్లు కలిపితే కూడా ఇలాగే నల్లబడుతుందని, అది అందరికీ తెలిసిందేనని అన్నాడు.

వగరు తుమ్మలోనే ఉండదు. ఓకు చెక్కలోనూ ఉంటుంది. బి.ఎస్సీ. చదివిన నాకు ఇది తట్టలేదు. మా ప్రాంతంలో మద్యంలో వగరు అంటే తుమ్మ చెక్కే, ఇంకొకటి మేము చూసి ఎరగం. పోల్చడానికి నేను తీసుకున్నది లేత రంగు స్కాచ్, నల్లటి స్కాచ్ ఒకటి ఉంటుందనే నాకు తెలియదు. ఏ రంగు చూసి మేము దొంగసారా అన్నామో ఆ రంగుకే అక్కడ ధర. ఏ ఘాటు చూసి బట్టీ సారా అన్నామో అది నీళ్లు కలపని పీపా ఘాటు. బుచ్చిరాములు మిర్యాలగూడలో అమ్ముతున్నది మా జిల్లాలో అంతకుముందు ఎవరూ ఎరగనంత విలువైన సరుకు. ఆ సంగతి అతనికీ తెలియదు.

మరునాడు పొద్దున మొదటి బస్సుకు సూర్యాపేట వెళ్లాను. మొహతమీమ్ గారు ట్రావెలర్స్ బంగళా వరండాలో గడ్డం గీసుకుంటున్నారు. ధ్వంసం ఉత్తర్వు వచ్చిందని, ఆ ఉదయమే పని కానిచ్చేద్దామని, నేను రావడం మంచిదైందని అన్నారు. నేను చెప్పవలసింది చెప్పాను. ఆయన కత్తి ఆపలేదు.

“వాడు సంతకం పెట్టాడు కదయ్యా?”

“పెట్టాడండి.”

“తప్పు చేయనివాడు ఎందుకు పెడతాడు?”

“నేను చెబితే పెట్టాడండి.”

“మరి నువ్వు తుమ్మ చెక్క అంటేనే కదా నేను నాజిమ్ గారికి రాసింది?” ముఖం తుడుచుకుని నా వైపు తిరిగారు. “పరీక్ష నీది. తప్పయితే తప్పు నీది. రాసివ్వు, పంపిస్తాను. నిన్ను ఇన్‌స్పెక్టరుగా ఖాయం చేయమని రాసిన కాగితం కూడా ఇక్కడే ఉంది. రెండూ కలిపి పంపమంటావా?”

కనీసం నమూనా తీసి రసాయన పరీక్షకుడికి పంపుదామని అడిగాను. కాంపౌండ్ అయిన కేసులో నమూనా ఎందుకన్నారు. నియమం ఆయన వైపే ఉంది. ఆయన లంచం తిన్నవాడు కాదు. పీపాలోంచి ఒక్క చుక్క కూడా ఆశించలేదు. తాను మెచ్చుకున్నది తప్పని తేలడం ఇష్టం లేదు, అంతే. ఆ అంత చిన్న కారణానికి ఒక మనిషి బతుకు తీసి అవతల పారేశాడు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆయన తువ్వాలుతో చెవులు తుడుచుకోవడం గుర్తొస్తే నాకు పళ్లు బిగుసుకుంటాయి. నేను కాగితం రాసివ్వలేదు. “సరేనండి” అన్నాను. ఆయన మీద నేను ఎంత కోపం తెచ్చుకున్నా ఆ మాట నాదే.

ధ్వంసం చేసేటప్పుడు పట్టుకున్న అధికారి పంచనామా పైకి చదవాలి. బంగళా ఎదురుగా మురుగునీటి మోరీ దగ్గర జనం పోగయ్యారు. చివ్వెంల నుంచి బజారుకు వచ్చినవాళ్లు కూడా మూటలు దించుకుని నిలబడ్డారు. బుచ్చిరాములు ముందు వరుసలోనే ఉన్నాడు. రావలసిన పని లేదు, వచ్చాడు. ఎవడో వెనకనుంచి, “బుచ్చన్నా, నీ తుమ్మరసం మోరీల పోస్తున్నరే, మోరీకి నిషా ఎక్కుతదేమో” అన్నాడు. జనం నవ్వారు.

నేను చదవడం మొదలుపెట్టాను. ముందువాళ్లకు కూడా వినపడనంత మెల్లగా చదివాను. బుచ్చిరాములే అన్నాడు. “గట్టిగ సదువు సార్. ఎనకున్నోళ్లకు ఇనవడాలె.” గట్టిగా చదివాను. ఫలానా లైసెన్సుదారు అసలు మద్యం తీసివేసి, తుమ్మ చెక్కతో రంగు వేసిన సారా నింపినట్టు ఒప్పుకున్నాడని, పరీక్షలో రుజువైనదని, ప్రతి మాటా చదివాను. అది అబద్ధమని అక్కడ తెలిసినవాళ్లం ఇద్దరమే, నేను, వరండాలో నిలబడ్డ మొహతమీమ్ గారు.

జవాన్లు పీపా బిరడా తీసి వంచారు. ఎర్రటి ధార తుప్పు పట్టిన ఇనుప రేకు మీదుగా మోరీలోకి పడింది. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, పాత చెక్క కలిసిన వాసన బజారంతా కమ్మింది. అలాంటి వాసన అక్కడెవరూ ఎరగరు. తరువాత రేకు మీద నిలిచినది నల్లబడడం కనిపించింది. “సూడు, సిరా లెక్కనే అయింది. దరోగ సాబ్ ఉత్తగ జెప్పలే” అన్నారు. బుచ్చిరాములు ఆ నలుపు చూసి తల ఊపాడు. పీపాలో ఉన్నది తుమ్మ సారాయేనని ఆ రేకు చూసి తానూ నమ్మాడు. నేను పంచనామా మడిచి జేబులో పెట్టుకున్నాను.

అతని లైసెన్సు ఆ నెలలోనే వేరొకరికి పాటలో పోయింది. నా ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాయమైంది. మొహతమీమ్ గారు డెప్యుటేషన్ ముగించుకుని, మంచి పేరుతో, కోస్తాకు వెళ్లిపోయారు. బుచ్చిరాములు పెన్‌పహాడ్ తిరిగి వెళ్లి, ఒకరి కల్లు డిపోలో జీతానికి కుదిరాడు. అతని కొడుకు చదువు మాని తాళ్లెక్కడం నేర్చాడు. మిర్యాలగూడలో కుర్చీలో కూర్చున్న తండ్రిని చూసి పెరిగిన పిల్లవాడు మళ్లీ నడుముకు మోకు కట్టాడు. తాడెక్కడంలో సిగ్గేమీ లేదు. కానీ అది ఆ ఇల్లు ఎంచుకున్నది కాదు, మేము ఎంచి పెట్టింది.

మొహతమీమ్ గారు వెళ్లిపోయాక కొన్నేళ్లకు నేను పెన్‌పహాడ్ వెళ్లాను. ఇక చెప్పినా నన్నెవరూ ఏమీ చేయలేరు అని రూఢి అయ్యాకే వెళ్లాను. దాన్ని ధైర్యం అనకూడదు. డిపో వెనక కుండలు కడుగుతున్న బుచ్చిరాములు పక్కన కూర్చుని కోదాడ సంగతి, ఓకు పీపా సంగతి, షెర్రీ సంగతి అంతా చెప్పాను. అతను చెయ్యి ఆపకుండా విన్నాడు.

“అయితే గా దొర నన్ను ముంచలే?” అన్నాడు.

“లేదు.”

“ఇన్నేండ్ల సంది ఆయన్ని తిట్టుకుంట పండుకున్న. పాపం.” కుండ బోర్లించి లేచాడు. “గది మంచి సరుకేనా? నిజంగనా?”

“మన జిల్లాలో అంత మంచిది ఎన్నడూ రాలేదు.”

అప్పుడు అతని ముఖం మారింది. మొదట సంతోషమే అనుకున్నాను. కాదు. “సూర్యాపేటల పదిమంది ముంగట సదివినవ్. ఎనకున్నోళ్లకు గూడ ఇనవడ్డది. ఇయ్యాల నా ఒక్కని చెవుల జెప్పి పోదామని వచ్చినవా? నీ కడుపుబ్బరం దించుకోనీకె వచ్చినవ్, నాకు ఇయ్యనీకె రాలే. పో సార్. జెప్పేదుంటే నలుగుట్ల జెప్పు. లేకుంటే గిట్ల రాకు” అన్నాడు.

మళ్లీ వెళ్లలేదు. నలుగురిలోనూ చెప్పలేదు. సర్వీసులో ఉండగా చెబితే నా ప్రమోషన్ల పునాది కదులుతుంది. ఆ లెక్క నాకు బాగా తెలుసు. అతను పోయి చాలాకాలమైంది. కొడుకు ఉన్నాడు. ఈ పత్రిక అచ్చయ్యాక ప్రతి ఒకటి తీసుకుని పెన్‌పహాడ్ వెళ్తాను. ఆ ఇంటివాళ్లు వాకిట్లోంచే వెళ్లగొడితే వెళ్లగొట్టే హక్కు వాళ్లకు ఉంది.

వృత్తి పరంగా నేను నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. అన్నభేది పరీక్ష తప్పు పరీక్ష కాదు. మద్యంలో వగరు ఉందా అని అడిగితే ఉందని చెప్పింది. ఆ వగరు ఏ చెట్టుదని మేము దాన్ని అడగలేదు, అది చెప్పనూ లేదు. మిగతాదంతా మేము మనిషి పుట్టుక చూసి పూరించుకున్నాం. అదే పీపా ఏ జాగీర్దారు ఇంట్లోనో దొరికి ఉంటే ముందు నమూనా హైదరాబాదుకు పోయి ఉండేది. రెండోది, ఒప్పుకోలు రుజువు కాదు. మేము ఏం చెప్పి భయపెడితే మనిషి అదే ఒప్పుకుంటాడు. నేను జిల్లా అధికారిని అయ్యాక కాంపౌండింగ్ కేసులో కూడా నమూనా జవాబు రాకుండా ఒక్క సీసా పారబోయనివ్వలేదు. అయితే అది నా మాటగానే మిగిలింది, శాఖ నియమం కాలేదు. కావాలి. ‘తుమ్మ పీపా’ కథ కొత్తవాళ్లకు చెప్పదలిస్తే ఇక నుంచి ఇలా చెప్పాలి. మిర్యాలగూడ సీమ సారా లైసెన్సుదారు బుచ్చిరాములు గౌడు పీపాలో ఉన్నది అసలైన స్కాచ్. అతను అందులో ఏమీ కలపలేదు. దాన్ని కల్తీ అని రాసింది, చదివింది, మోరీలో పోయించింది నేను.